సభ ఫలించాలంటే...

కార్యాలయంలోనైనా, ఆలయ కమిటీలోనైనా సమావేశం ఎప్పుడు ఫలిస్తుంది? వాల్మీకి రామాయణం యుద్ధకాండలో ఇందుకు రెండు సభలు సాక్ష్యం.

సీతను అపహరించి, లంక కాలిన పిమ్మట రావణుడు సభ తీర్చాడు. ఆలోచన పనికి ముందుండాలని కుంభకర్ణుడే ఆక్షేపించాడు. హితం పలికిన విభీషణుడు నిందలపాలై సభ వీడాడు.

అతడే శరణు కోరగా శ్రీరాముడు అందరి అభిప్రాయం అడిగాడు. సుగ్రీవుడు వద్దన్నాడు. అంగదుడు పరీక్షించమన్నాడు. శరభుడు చారుణ్ణి పంపమన్నాడు. హనుమంతుడు స్వీకరించదగునన్నాడు. అందరి మాటా విన్నాకే స్వామి నిర్ణయించాడు. కాదన్న సుగ్రీవుణ్ణి కారణాలు చెప్పి ఒప్పించాడు. ఆనాడు విభీషణుణ్ణి తోసివేసి ఉంటే ఇంద్రజిత్తు నికుంభిలా హోమ రహస్యం తెలిసేదా?

మా నారాయణఖేడ్‌లో ఉత్సవాలకు పెద్దలు కూర్చున్నప్పుడు ఈ ఘట్టమే గుర్తుచేస్తుంటాను. ముందుగా ఆలోచించాలి, ఎదురుమాటను ఆదరించాలి, నిర్ణయమయ్యాక ఒక్కటై నడవాలి. ఋగ్వేదపు తుది సూక్తం కోరేదీ ఆ ఐకమత్యాన్నే.