బీరువాలో లీటరు నీళ్లు

మడత విప్పగానే కనిపించింది. మంగళగిరి నూలు, రెండున్నర మీటర్లు, లేత పసుపు. మడత గీత వెంబడే నల్లటి చుక్కలు, మిరియాల పొడి చల్లినట్టు. ఆ పక్కనే ఉన్న పాలిస్టర్ జార్జెట్‌కి మాత్రం ఏమీ కాలేదు. రెండూ ఒకే బీరువా, ఒకే అర. తెనాలిలో ఇంట్లో మిషను కుట్టేవాళ్లలో ఈ మిరియాల పొడి చూడనివాళ్లు తక్కువ. బాపట్ల, రేపల్లె వైపు అసలు ఉండరేమో.

బట్టకి దాహం ఉంటుంది. ఏ బట్ట ఎంత తాగుతుందో వస్త్ర వ్యాపారంలో లెక్క ఉంది, ఎందుకంటే నూలు తూకానికి అమ్మేవాడు నీళ్లు కూడా అమ్మేయగలడు. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు, పూర్తిగా ఎండిన 100 గ్రాముల నూలు 8.5 గ్రాముల నీరు పట్టుకుంటుందని ప్రమాణం. పట్టు 11 గ్రాములు, రేయాన్ 11 నుంచి 13. పాలిస్టర్ 0.4 మాత్రమే. జార్జెట్ బతికిపోయిన రహస్యం ఇదే. గాలి తేమ 80కి చేరితే నూలు 10 గ్రాములు దాటి తాగుతుంది. మన మూడు ఊళ్లలో వానాకాలం రాత్రి 80 అంటే మామూలు సంగతి. 70 దాటి రోజుల తరబడి నిలిచిందంటే బూజుకి పండగే.

ఇప్పుడు బీరువాని తూకం వేద్దాం. జాకెట్టు గుడ్డలాంటి పలుచటి నూలు చదరపు మీటరుకి 100 గ్రాములు అనుకోండి. 44 అంగుళాల పన్నాలో మీటరు ముక్క 112 గ్రాములు తూగుతుంది. అలాంటివి 90 ముక్కలుంటే 10 కిలోలు. కుట్టుపని చేసే ఇంట్లో 90 ముక్కలు పెద్ద లెక్కేం కాదు, మిగిలిన లైనింగులు, కట్‌పీసులు కలిపితే ఎప్పుడో దాటేసి ఉంటారు. వానాకాలంలో ఆ 10 కిలోల్లో దాదాపు లీటరు నీళ్లు దాక్కుని ఉంటాయి. తడిమితే పొడిగానే ఉంటుంది బట్ట!

మరి బీరువా లోపలి గాలిలో ఎంత? 30 డిగ్రీల వేడిలో, 80 శాతం తేమలో, ఒక ఘనపు మీటరు గాలిలో ఉండేది 24 గ్రాముల నీరు. ఆరున్నర అడుగుల బీరువాలో అంత గాలి కూడా పట్టదు. మహా అయితే 20 గ్రాములు, అంటే నాలుగు టీచెంచాలు. గాలిలో నాలుగు చెంచాలు, గుడ్డలో లీటరు. బీరువాలో తేమ అంటే గుడ్డలో తేమే.

చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు దాచి బట్టల మధ్య దూర్చేవాళ్లు ఈ లెక్క చూడాలి. 10 కిలోల నూలుని 80 శాతం తేమ స్థితి నుంచి 60కి దించాలంటే 300 గ్రాముల నీరు లాగాలి. 5 గ్రాముల పొట్లం మంచి ఊపులో ఉంటే గ్రామున్నర పీలుస్తుంది. 200 పొట్లాలు కావాలి. కలరా ఉండల సంగతి మరీ అన్యాయం. అవి పురుగుల్ని దూరం పెడతాయి తప్ప తేమని ఏమీ చేయవు, బూజుని ఆపవు. పైగా పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పసిబిడ్డకి ఆ ఆవిరి వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. ఉయ్యాల గుడ్డల దగ్గర వాటికి చోటు ఉండకూడదు.

ఆ 300 గ్రాములూ ఉచితంగా పోయే దారి ఉంది: బీరువాలో పెట్టేముందు ఆరబెట్టడం. దీనికి ఎండే అక్కర్లేదు. ఆరుబయట ఎండలో వెలుగు లక్ష లక్సు వరకూ ఉంటుంది. మ్యూజియంలో పాత వస్త్రాల మీద 50 లక్సు మించనివ్వరు. రెండు వేల రెట్ల తేడా, రంగు వెలిసిపోక ఏమవుతుంది? ఫిబ్రవరి, మార్చి మధ్యాహ్నాల్లో, పడమటి గాలి కొట్టే మే నెలలో వసారా నీడలో దండెం కడితే చాలు. అయితే వేళ ఊరిని బట్టి మారుతుంది. బాపట్లకి సూర్యలంక 9 కిలోమీటర్లే. మధ్యాహ్నం గాలి తిరిగి సముద్రం మీద నుంచి వీచిందంటే చెమట ఆరదు, బట్టా అంతే. అక్కడ గాలి తిరగకముందే మడతలు పూర్తి కావాలి. తెనాలికి ఇంకాస్త వ్యవధి దొరుకుతుంది. కొన్ని వందల రూపాయలకి దొరికే చిన్న తేమ మీటరు గోడకి తగిలిస్తే ఊహలతో పని ఉండదు: అంకె 55 లోపు ఉన్నప్పుడు సర్దండి.

నమ్మకం కుదరకపోతే వంటింటి తూకం ఉంది. వానాకాలంలో కిలో తూగిన నూలు కట్టని మే నెలలో బాగా ఆరబెట్టి మళ్లీ తూచండి. 40-50 గ్రాములు తగ్గవచ్చు.

సర్దేటప్పుడు రంగుల వరస అందంగానే ఉంటుంది కానీ, నేను దాహం వరసకే ఓటేస్తాను. పట్టు, రేయాన్, నూలు పై అరల్లో; పాలిస్టర్, దానితో నేసిన శాటిన్, జార్జెట్ అడుగున. గంజి పెట్టిన బట్ట ఉతకకుండా దాచకండి, గంజి పురుగుకి విందు. గుండుసూదులు, స్టాప్లర్ పిన్నులు తీసేయండి, ఈ తేమలో తుప్పు మరక ఖాయం. జరీ ఉన్నవి ఉతికిన మల్లు గుడ్డలో చుట్టి, మూడు నెలలకోసారి మడత మార్చాలి. ప్రతి ముక్కకీ ఒక చీటీ: పన్నా, మీటర్లు, తడిపిందా లేదా. నూలు తడిస్తే 3 నుంచి 5 శాతం కుదించుకుంటుంది కాబట్టి రెండున్నర మీటర్లలో పన్నెండు సెంటీమీటర్ల దాకా పోవచ్చు. బీరువాని బయటి గోడకి ఆనించకండి. 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీల ఇనప రేకుని తాకితే మంచు పడుతుంది. వానకి తడిసిన గోడ ఆ రేకుని అంత చల్లబరచగలదు. బెత్తెడు ఖాళీ వదలండి.

ఇక తుఫాను, వరద. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. దిగువ లంకలవాళ్లకీ, రేపల్లె వైపు కట్ట వెంట ఉండేవాళ్లకీ ఆ అంకె కంఠోపాఠం. అలాంటి చోట బట్టలు అటక మీదికో, రింగుమూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములోకో చేరాలి. వాతావరణ శాఖ తుఫాను గురించి మొదటి హెచ్చరిక 72 గంటల ముందు ఇస్తుంది, రెండోది 48 గంటల ముందు, మూడోది 24 గంటల ముందు. మనం డ్రమ్ము వెతికేది మూడోదాని తర్వాత, అప్పటికే ముసురు పట్టి గాలి నీరు కారుతుంటుంది. అప్పుడు మూత బిగిస్తే ఆ లీటరుని డ్రమ్ములో పెట్టి బంధించినట్టే. మొదటి హెచ్చరిక రోజునే బిగించేయాలి.

ఇంకొక్క మాట. ఆరిన బట్టని సాయంత్రం దాకా దండెం మీదే వదిలేసి, వంట అయ్యాక మడత పెట్టే అలవాటు మా ఇంట్లోనూ ఉండేది. చీకటి పడేసరికి అది పొద్దున వదిలిన నీళ్లన్నీ మళ్లీ తాగేసి ఉంటుంది.