వంకర చిటికెనవేలి న్యాయమూర్తి

అలన్ పేజ్ బడికి వచ్చినప్పుడు పిల్లల చూపు మొదట పడేది ఆయన చిటికెనవేలి మీద. చేతికున్న తక్కిన వేళ్ళన్నీ తిన్నగా ఉండగా ఆ ఒక్కటి మాత్రం గోడకు కొట్టిన మేకులా ప్రక్కకు తిరిగి ఉంటుంది. ఆటలో పలుమార్లు కీలు తప్పి, చివరకు అలాగే నిలిచిపోయిన వేలు అది. పిల్లల కుతూహలం ఎంతటిదంటే, 2013లో ఆయన తన కుమార్తె కామీతో కలిసి ఆ వేలినే కథావస్తువుగా తీసుకొని ఒక బాలల పుస్తకం వ్రాశారు. అప్పటికి ఆయన మిన్నెసోటా రాష్ట్ర సుప్రీం కోర్టు న్యాయమూర్తి. అంతకు పూర్వం అమెరికన్ ఫుట్‌బాల్‌లో ప్రత్యర్థులను హడలెత్తించిన ఆటగాడు.

మనం ఫుట్‌బాల్ అనే ఆటకూ అమెరికన్లు ఆ పేరుతో పిలిచే ఆటకూ పోలిక పేరులోనే. కోలగా ఉండే బంతిని చేత పట్టుకొని పరుగెత్తుతారు, విసురుతారు. కాలితో తన్నడం అరుదు. మైదానంలో జట్టుకు 11 మంది. బంతి గల జట్టు నాలుగు ప్రయత్నాలలో 10 గజాలు ముందుకు సాగాలి. సాగలేకపోతే బంతి ఎదుటివారి పాలవుతుంది. ఆ పది గజాలూ సాగనీయకుండా అడ్డుకొనే ముందు వరుసలో నడిమి స్థానం పేజ్‌ది. మన కబడ్డీలో కూతకు వచ్చినవాణ్ణి ఒడిసిపట్టే ఆటగాణ్ణి తలచుకుంటే కొంత ఊహకందుతుంది. కాకపోతే ఇక్కడ పట్టవలసినవాడికీ తనకూ మధ్య 110 కిలోలకు పైబడిన కావలివాళ్ళు ఇద్దరో ముగ్గురో నిలబడి ఉంటారు.

ఆయన 1945లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో జన్మించారు. ఉక్కు కర్మాగారాల ఊరు అది. నల్లజాతివారికి ఆ కర్మాగారాలలో దొరికేది కష్టమైన, ప్రమాదకరమైన పని. తండ్రి ఒక మద్యశాల నడిపేవాడు, తల్లి ఒక క్లబ్బులో ఉద్యోగం చేసేది. చదువు మాట వచ్చేసరికి ఇద్దరూ రాజీపడేవారు కారు. పేజ్‌కు పదమూడేళ్ళ వయసులో తల్లి మరణించింది. నలుపు తెలుపు పిల్లలను వేర్వేరు బడులలో ఉంచడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీం కోర్టు 1954లో తీర్పు చెప్పేనాటికి ఆయనకు తొమ్మిదేళ్ళు నిండలేదు. కోర్టులో పలికిన మాట దేశాన్ని మార్చగలదన్న భావం ఆ వయసులోనే ఆయన మనసులో నాటుకుంది. న్యాయవాది కావాలన్న కోరిక ఆటకంటె ముందే పుట్టింది.

వృత్తి ఫుట్‌బాల్ లీగు 1920లో ఆవిర్భవించింది కాంటన్‌లోనే. అందువల్ల మేటి ఆటగాళ్ళ స్మారక భవనాన్ని అక్కడే కట్టారు. 1963లో ప్రారంభమైన ఆ భవనానికి కూలిపని చేసిన కుర్రవాళ్ళలో పేజ్ ఒకడు. పాతికేళ్ళ తర్వాత తన విగ్రహం అందులో నిలుస్తుందని ఆ ఎండలో అతనికి ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి ఊరుకొనేవాడేమో!

నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చదువుతూ, 1966లో జాతీయ విజేతగా నిలిచిన జట్టులో ఆడాడు. 1967లో పట్టం పుచ్చుకొని మిన్నెసోటా వైకింగ్స్ జట్టులో చేరాడు. కార్ల్ ఎల్లర్, జిమ్ మార్షల్, గేరీ లార్సన్‌లతో కలిసి అతడు నిలిచిన ముందు వరుసకు, దుస్తుల రంగును బట్టి, 'ఊదారంగు నరభక్షకులు' అని అర్థం వచ్చే పేరు పెట్టారు అభిమానులు. బంతి కదిలిన మరుక్షణం పేజ్ కదిలేవాడు. బలం కంటె ఆ మెరుపు వేగమే అతని ఆయుధం. 1971లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ లీగు మొత్తంలో అత్యుత్తమ ఆటగాడిగా అతణ్ణి ఎన్నుకొంది. అంతవరకు ఆ గౌరవం ఎదురుదాడి చేసేవారికే దక్కింది తప్ప అడ్డుకొనేవారికి దక్కలేదు. తర్వాత మరొకరికి దక్కడానికి 1986 దాకా ఆగవలసి వచ్చింది. ఇంతా చేసి, వైకింగ్స్ నాలుగుసార్లు సూపర్ బౌల్ అంతిమ పోటీకి చేరి నాలుగుసార్లూ ఓడిపోయారు. ఆ పోటీలో విజయం పేజ్ ఎరుగడు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది మాత్రం ఆ ఓటములు కావు. వైకింగ్స్ జట్టు సమావేశంలో ఒకనాడు జరిగిన చిన్న సంఘటన.

ప్రతి జట్టుకూ వ్యూహాలన్నీ వ్రాసి ఉంచిన ఒక పుస్తకం ఉంటుంది. ముందు వరుస ఆటగాళ్ళ శిక్షకుడు ఆ రోజు పుస్తకం తెరచి ఒక్కొక్కరినీ కొంత భాగం బిగ్గరగా చదవమన్నాడు. కొందరు చదవలేకపోయారు. అక్షరాలను కూడబలుక్కుంటూ తడబడ్డారు. వాళ్ళు బడి ముఖం చూడనివారు కారు. పన్నెండేళ్ళు బడిలోనూ, ఆపైన కళాశాలలోనూ గడిపి వచ్చినవాళ్ళే. ఆడగలిగినంత కాలం ఏ ఉపాధ్యాయుడూ వాళ్ళను అడ్డగించలేదు. చదువు వచ్చిందా లేదా అని అడగలేదు. తరగతి తర్వాత తరగతి దాటించి, వాళ్ళ కండబలాన్ని వాడుకొని, చేతిలో అక్షరం లేకుండా వదిలిపెట్టారు. మోకాలు విరిగిన రోజున ఆ మనిషికి మిగిలేదేమిటి? ఆ గదిలోని తడబాటును పేజ్ మరచిపోలేదు. దశాబ్దాల తర్వాత కూడా చదువును గురించి మాట్లాడినప్పుడు ఆయన ఆ ఉదంతాన్నే ప్రస్తావించేవాడు.

న్యాయకళాశాలలో అంతకు ముందే ఒకసారి చేరి, మూడు వారాలకే మానివేశాడు. 1975లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మళ్ళీ చేరి, ఈసారి పట్టు విడువలేదు. ఒక ప్రక్క వృత్తి క్రీడ, మరొక ప్రక్క పూర్తికాలపు న్యాయవిద్య. 1978లో పట్టభద్రుడయ్యాడు. ఆ యేడే వైకింగ్స్ అతణ్ణి వదులుకొన్నారు. దూరపు పరుగుల మీద మక్కువతో శరీర బరువు బాగా తగ్గించుకున్నాడనీ, ఆ స్థానానికి చాలడనీ శిక్షకుని అభిప్రాయం. లీగు నిబంధనల ప్రకారం చెల్లించవలసిన 100 డాలర్ల రుసుముతో షికాగో బేర్స్ జట్టు అతణ్ణి తీసుకొంది. ఏడేళ్ళ క్రితం దేశంలోకెల్లా మేటి ఆటగాడు, నూరు డాలర్లకు! సంతలో మంచి కోడెకు కూడా అంతకంటె ఎక్కువే పలికేది. పేజ్ మరి మూడున్నర సీజన్లు ఆడి, 1979లో మారథాన్ కూడా పూర్తిచేసి, 1981లో ఆట చాలించాడు. 15 ఏళ్ళలో ఒక్క ఆటకైనా గైర్హాజరు కాలేదు. బంతి విసరబోయేవాణ్ణి నేలకూల్చిన సందర్భాలను లీగు అధికారికంగా లెక్కించడం మొదలైంది 1982లో. అందుచేత ఆయన గొప్పతనంలో పెద్ద భాగం అధికారిక పట్టికలకెక్కనే లేదు.

1988లో కాంటన్ స్మారక భవనంలో ఆయన విగ్రహం వెలసింది. ఆ సభలో గౌరవం పొందేవారిని పరిచయం చేసేది మామూలుగా పాత శిక్షకుడో, సహ ఆటగాడో. పేజ్ అందుకు ఎన్నుకొన్నది మినియాపొలిస్‌లోని ఒక ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయిని విల్లరీన్ బీస్లీని. ఆయన ప్రసంగం కూడా చదువును గురించే సాగింది. అదే సంవత్సరం భార్య డయాన్‌తో కలిసి విద్యార్థి సహాయ సంస్థను నెలకొల్పారు. నల్లజాతి, ఇతర అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థుల పైచదువుకు సహాయం చేయడం దాని ధ్యేయం. దానికొక షరతు ఉంది: సహాయం పొందిన ప్రతి విద్యార్థీ తనకంటె చిన్నపిల్లలకు చదువులో తోడ్పడాలి. ఆ విధంగా వేలమంది చదువుకున్నారు.

అమెరికాలో అనేక రాష్ట్రాలలో న్యాయమూర్తులను ప్రజలు ఓటు వేసి ఎన్నుకొంటారు. మనకు వింతగా తోచే పద్ధతి ఇది. 1992లో మిన్నెసోటా సుప్రీం కోర్టులో ఒక స్థానానికి ఎన్నిక జరగవలసి ఉండగా, గవర్నరు ఆ న్యాయమూర్తి పదవీకాలాన్ని పొడిగించి ఎన్నిక లేకుండా చేశారు. పేజ్ కోర్టుకెక్కారు. ఆ కోర్టు న్యాయమూర్తులు తమ సహచరుని వ్యవహారం గనుక తప్పుకొనగా, వారి స్థానంలో కూర్చున్న ప్రత్యేక పీఠం పేజ్ పక్షాన తీర్పు చెప్పింది. ఎన్నిక జరిగింది. పేజ్ గెలిచారు. 1993 జనవరిలో ప్రమాణం చేసి, ఆ రాష్ట్ర సుప్రీం కోర్టులో తొలి నల్లజాతి న్యాయమూర్తి అయ్యారు. మరి మూడుసార్లు ఎన్నికై, 70 ఏళ్ళ వయోపరిమితి రావడంతో 2015లో విరమించారు.

భార్యాభర్తలిద్దరూ కలిసి చాలాకాలం పాటు బానిసత్వపు రోజులకూ, జాతివివక్షకూ సంబంధించిన వస్తువులు సేకరించారు. నల్లవారు వేచి ఉండవలసిన గదిని చూపే పాత బోర్డు అందులో ఒకటి. మన దేశంలో రెండు గ్లాసుల పద్ధతి ఎరిగిన పాఠకునికి ఆ బోర్డు ఎంత బరువో వేరే చెప్పనక్కరలేదు. 2018 ఆరంభంలో, సూపర్ బౌల్ పోటీ మినియాపొలిస్‌లో జరిగిన రోజుల్లో, నగర గ్రంథాలయంలో వాటిని ప్రదర్శించారు. ఆ సెప్టెంబరులో డయాన్ మరణించింది. రెండు నెలలకు పేజ్‌కు దేశాధ్యక్షుని స్వాతంత్ర్య పతకం లభించింది.

ఆయన ఇంకా ఒక పని తలకెత్తుకొన్నారు. 2020 జనవరిలో మినియాపొలిస్ ఫెడరల్ రిజర్వు బ్యాంకు అధ్యక్షుడు, కాశ్మీరు నుండి వలసవెళ్ళిన దంపతుల కుమారుడు నీల్ కాశ్‌కరీతో కలిసి రాష్ట్ర రాజ్యాంగానికి ఒక సవరణ ప్రతిపాదించారు. పాత రాజ్యాంగం ప్రభుత్వ పాఠశాలల వ్యవస్థను ఏర్పాటు చేయమని శాసనసభను ఆదేశిస్తుంది, అంతే. ఆ బడిలో బిడ్డకు చదువు నిజంగా అబ్బిందా అన్నది దానికి పట్టదు. నాణ్యమైన చదువు ప్రతి బిడ్డకూ ప్రాథమిక హక్కు కావాలని వీరి కోరిక. మన రాజ్యాంగంలో 2002లో 86వ సవరణ ద్వారా ఆరు నుండి పద్నాలుగేళ్ళ పిల్లలకు విద్య ప్రాథమిక హక్కయింది. పేజ్ కోరినది అందులో 'నాణ్యమైన' అన్న మాట కూడా చేర్చిన హక్కు. ఉపాధ్యాయ సంఘం అభ్యంతరం చెప్పింది. వ్యాజ్యాలు పెరుగుతాయనీ, ప్రభుత్వ బడుల డబ్బు ప్రైవేటు బడులకు తరలుతుందనీ భయపడింది. భయం పూర్తిగా నిరాధారమని అనలేము. 2020, 2021 సమావేశాలలో ఆ ప్రతిపాదన ప్రజల ఓటు దాకా చేరలేదు. డెబ్బై అయిదేళ్ళ వయసులో ఆయన శాసనసభ్యుల గదుల చుట్టూ తిరిగి, వ్యూహపుస్తకం చదవలేకపోయిన ఆ ఆటగాళ్ళ మాట మళ్ళీ మొదటినుండీ చెప్పనారంభించారు.