వాలిన బాణం, మూడు చుక్కలు

కంప్యూటర్ తెర మీద తిరిగే బాణం నిటారుగా ఉండదు, కాస్త ఎడమకు వాలి ఉంటుంది. 1968 డిసెంబర్ 9న శాన్ ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ను సభలో ఆడించి చూపారు. మొదట్లో ఆ గుర్తు నిటారుగానే ఉండేది. 1973లో జిరాక్స్ పరిశోధకులు ఆల్టో అనే కంప్యూటర్ తయారు చేశారు. అందులో బాణానికి దక్కింది అడ్డంగా 16, నిలువుగా 16 చుక్కల చోటు. అంత ఇరుకులో నిటారు బాణం పోలిక తేలలేదు. ఒక అంచును నిలువుగా, మరో అంచును 45 డిగ్రీల వాలుగా గీస్తే తేటగా కనిపించింది. తెరలు ఎంత నునుపుదేరినా ఆ వాలు అలాగే ఉండిపోయింది.

తెర మీద బాణం రాకముందు కంప్యూటర్‌తో పని అంటే చాలావరకు ఆదేశాలు కంఠతా పట్టి టైపు చేయడమే. ఒక్క అక్షరం తప్పినా అది మొరాయించేది. విండోలు, ఐకాన్లు, మెనూలు వచ్చాక జ్ఞాపకంతో పని తగ్గింది. కంటికి కనిపించినవాటిలోంచి ఎంచుకుంటే చాలు. 1981లో ఈ పద్ధతితో వచ్చిన జిరాక్స్ స్టార్ కంప్యూటర్ ధర 16 వేల డాలర్ల పైమాటే. 1984లో మెకింతోష్, ఆ తరవాత విండోస్ వచ్చి ఈ పద్ధతిని ఇళ్లలోకి తెచ్చాయి.

కొత్తవాళ్లకు బొమ్మలు తొందరగానే పట్టుబడతాయి. చిన్న చిన్న సూచనల సంగతే ఎవరూ చెప్పరు. మెనూలో ఒక మాట వెలిసిపోయినట్టు బూడిదరంగులో ఉంటే అది పాడైందని కాదు, ఇప్పుడు దానికి పని లేదని. ఏదీ ఎంచుకోకుండా మెనూ తెరిస్తే ‘కాపీ’ అలాగే కనిపిస్తుంది. మాట పక్కన మూడు చుక్కలుంటే, నొక్కగానే పని జరిగిపోదు. ముందు ఇంకేదో అడుగుతుంది. కాబట్టి భయపడకుండా నొక్కి చూడొచ్చు.

కుడి అంచున ఉండే స్క్రోల్ బార్‌దీ అదే తీరు. అందులో జరిగే ముక్క పొడవుగా ఉంటే పత్రంలో చూడాల్సింది కొంచెమే మిగిలింది. గోరంత ఉంటే ఇంకా పేజీలకు పేజీలు ఉన్నాయి.

విండోస్‌లో పై మూలన గీత గుర్తు నొక్కితే విండో మాయమవుతుంది. రాసిందంతా పోయిందని కంగారు పడనక్కర్లేదు. ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుంది, కింద టాస్క్‌బార్‌లో నొక్కితే మళ్లీ వస్తుంది. మూసేది ఇంటూ గుర్తు.

చెరిపినప్పుడు రీసైకిల్ బిన్‌లోకి వెళ్లిన ఫైలు కూడా డిస్కులో తన చోటు వదలదు. బిన్ ఖాళీ చేసేదాకా దాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌లో చెరిపిన ఫైలుకు మామూలుగా ఆ వెసులుబాటు లేదు. అది బిన్ గడప తొక్కకుండానే పోతుంది. విండోస్ ముందుగా ఒక ప్రశ్న అడుగుతుంది. చాలామంది చదవకుండానే ‘ఎస్’ నొక్కే పెట్టె అదే.