సూర్యుడికి వీపు తిప్పి.. గ్రహణం చూడండి!

సూర్యగ్రహణం రోజున పల్లెల్లో రెండు రకాల వారు కనిపిస్తారు. తలుపులు మూసుకుని ఇంట్లోనే ఉండిపోయేవారు కొందరు. పసుపు నీళ్ల పళ్లెమో, పాత ఎక్స్‌రే ఫిల్మో పట్టుకుని వాకిట్లోకి వచ్చేవారు మరికొందరు. మొదటివారు అరుదైన దృశ్యాన్ని కోల్పోతుండగా, రెండోవారు కంటిచూపునే పణంగా పెడుతున్నారు. 2027 ఆగస్టు 2, సోమవారం సాయంత్రం మన దేశంలోని అనేక ప్రాంతాల్లో పాక్షిక సూర్యగ్రహణం కనిపించనుంది. ఇంట్లోని వస్తువులతోనే దానిని నిర్భయంగా చూసే మార్గాలున్నాయి.

నొప్పి తెలియకుండానే నష్టం

కంటి వెనుక ఉండే రెటీనా పొరకు నొప్పి తెలియదు. తీవ్రమైన సూర్యకాంతి సోకి ఆ పొర దెబ్బతింటున్నా చూసేవారికి ఏమీ అనిపించదు. కొన్ని గంటల తర్వాతో, మరుసటి రోజు ఉదయమో చూపు మధ్యలో మచ్చ ఏర్పడినట్లు, అక్షరాలు చెదిరినట్లు కనిపిస్తుంది. కొందరిలో ఈ లోపం శాశ్వతంగా మిగిలిపోతుంది. గ్రహణ వేళ వెలుగు తగ్గడంతో కళ్లు చికిలించాల్సిన అవసరం ఉండదు. అందువల్లే ఎక్కువసేపు చూసే ప్రమాదముంది. పిల్లల విషయంలో మరింత అప్రమత్తంగా ఉండాలి.

పళ్లెంలో నీళ్లూ ప్రమాదమే

సూర్యుడిని సూటిగా చూడాలంటే వెలుగును లక్ష రెట్లకు పైగా తగ్గించాలి. నడినెత్తిన ఉన్న సూర్యుడి వెలుగులో సుమారు 2 శాతాన్ని నీటి ఉపరితలం ప్రతిఫలింపజేస్తుంది. అంటే తగ్గేది దాదాపు 50 రెట్లే. సూర్యుడు వాలేకొద్దీ నీరు ప్రతిఫలించే శాతం పెరుగుతుంది. పసుపు కలిపినా, పేడ కలిపినా పైపొర మెరుపు తగ్గదు. మసి పట్టించిన గాజు, ఎక్స్‌రే ఫిల్మ్, చలువ కళ్లద్దాలు, సీడీలు కూడా పనికిరావు.

అట్టముక్క చాలు

పెళ్లిపత్రిక వంటి మందపాటి అట్టకు గుండుసూదితో ఒక చిల్లు పెట్టాలి. సూర్యుడికి వీపు తిప్పి నిలబడి, భుజం మీదుగా వచ్చే ఎండ ఆ చిల్లులోంచి దూరి ఎదుట ఉంచిన తెల్లకాగితంపై పడేలా పట్టుకోవాలి. అట్టకూ కాగితానికీ మధ్య మీటరు దూరముంటే సూర్యబింబం సుమారు 9 మిల్లీమీటర్ల వెడల్పున, శనగగింజంత కనిపిస్తుంది. దూరం రెట్టింపైతే బింబమూ రెట్టింపవుతుంది, కానీ వెలుగు పలచబడుతుంది. చిల్లు పెద్దదైతే బొమ్మ అలుక్కుపోతుంది. చూడవలసింది కాగితాన్నే తప్ప చిల్లులోంచి సూర్యుడిని కాదు.

పూరింటి కప్పు సందుల్లోంచి నేలపై పడే గుండ్రటి వెలుగు చుక్కలు, వేపచెట్టు నీడలో కదలాడే చుక్కలు కూడా సూర్యబింబాలే. గ్రహణం పట్టినప్పుడు అవన్నీ ఒక పక్క కొరికిన అప్పచ్చుల్లా మారతాయి.

బడిలో అందరికీ ఒకేసారి చూపాలంటే అద్దం మేలు. చిన్న అద్దాన్ని కాగితంతో కప్పి, సెంటీమీటరు మేర రంధ్రం వదలాలి. ఆ వెలుగును పది మీటర్ల దూరంలోని చీకటి గది గోడపైకి మళ్లిస్తే సుమారు 9 సెంటీమీటర్ల బింబం ఏర్పడుతుంది. అద్దంలోకి ఎవరూ చూడకుండా, వెలుగు ఎవరి కళ్లలోనూ పడకుండా ఉపాధ్యాయులు జాగ్రత్త వహించాలి.

సూటిగా చూడాలంటే..

ఐఎస్ఓ 12312-2 ప్రమాణానికి లోబడిన గ్రహణ కళ్లద్దాలు గానీ, 14వ నంబరు వెల్డింగ్ గాజు గానీ వాడాలి. గీతలు పడినా, చిల్లులున్నా పారవేయాలి. వాటిని పెట్టుకుని బైనాక్యులర్‌లోంచి చూడరాదు. గ్రహణం చూశాక చూపులో తేడా అనిపిస్తే వెంటనే కంటి వైద్యులను సంప్రదించాలి.

అట్టముక్క ప్రయోగానికి గ్రహణం దాకా ఆగనక్కర్లేదు. ఎండకాసే ఏ రోజైనా చేయవచ్చు. చిన్న చిల్లును నలుచదరంగా కోసినా, తగినంత దూరంలోని కాగితంపై పడే వెలుగు గుండ్రంగానే ఉంటుంది. అది చిల్లు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ అని పిల్లలకు అప్పుడే చెప్పవచ్చు.