రొయ్య నుంచి రొయ్యల పచ్చడి దాకా: సుంక వర్గీకరణలో 3, 16 అధ్యాయాల సరిహద్దు

వ్యాససంగ్రహం: అంతర్జాతీయ వాణిజ్యంలో రొయ్య, పీత, ఆల్చిప్ప వంటి పెంకుజీవుల ఉత్పత్తులు సుంకపట్టికలోని 3వ అధ్యాయం, 16వ అధ్యాయాల మధ్య విభజింపబడతాయి. ఈ విభజనకు సరుకు విలువ గానీ, నాణ్యత గానీ ఆధారం కాదు. దానిపై జరిగిన ప్రక్రియే ఆధారం. ఆ సూత్రాన్ని ఆంధ్ర తీరపు ఉత్పత్తులకు అన్వయించి, దాని ఆర్థిక పర్యవసానాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: హార్మొనైజ్డ్ సిస్టమ్, సుంక వర్గీకరణ, రొయ్యలు, శుద్ధిచేసిన ఆహారం, ఎగుమతులు.

1. ప్రవేశిక

పల్నాడు జిల్లాలోని చిలకలూరిపేట ప్రాంతం పత్తికి, మిర్చికి ప్రసిద్ధం. పట్టణానికి సమీపంలో, యడ్లపాడు మండలం వంకాయలపాడు వద్ద స్పైసెస్ బోర్డు నెలకొల్పిన స్పైసెస్ పార్కు ఉంది. ఈ మెట్టపొలాలు దాటి బాపట్ల, ప్రకాశం జిల్లాల తీరమండలాలకు చేరితే రొయ్యల చెరువులు కనిపిస్తాయి. మిర్చి, రొయ్య రెండూ విదేశాలకు వెళ్లే సరుకులే. అయితే సుంకపట్టికలో వాటి నడక వేరు. ఎండుమిర్చి కాయగా ఉన్నప్పుడు 0904.21, పొడి చేసినప్పుడు 0904.22 ఉపశీర్షికలకు చెందుతుంది. కాయ కారమైనా 0904 శీర్షికను విడిచిపోదు. రొయ్య అలా కాదు. అదే కారాన్ని రొయ్యకు పట్టిస్తే అది ఏకంగా అధ్యాయమే మారుతుంది.

2. రెండు శీర్షికల స్వరూపం

ప్రపంచ కస్టమ్స్ సంస్థ నిర్వహిస్తున్న హార్మొనైజ్డ్ సిస్టమ్ 1988 జనవరి 1 నుంచి అమలులో ఉంది. భారతదేశపు 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టంలోని పట్టిక కూడా దీనినే అనుసరిస్తుంది. ఇందులో 0306 శీర్షిక రొయ్య, పీత వంటి క్రస్టేషియన్లకు సంబంధించినది. బతికినవి, తాజావి, చల్లబరచినవి, గడ్డకట్టించినవి, ఎండబెట్టినవి, ఉప్పు పట్టించినవి, ఉప్పునీటిలో ఉంచినవి, పొగపట్టినవి, పెంకుతో సహా ఆవిరిమీద గానీ నీటిలో గానీ ఉడికించినవి దీనిలోకి వస్తాయి. ఈ జాబితాలో లేని పద్ధతుల్లో తయారుచేసినవి, నిల్వచేసినవి 1605 శీర్షికకు వెళతాయి. 3వ అధ్యాయంలో పేర్కొన్న ప్రక్రియలకు మాత్రమే లోనైన సరుకు 16వ అధ్యాయంలోకి రాదని ఆ అధ్యాయపు మొదటి గమనిక స్పష్టం చేస్తుంది.

కాబట్టి వర్గీకరణలో మొదటి ప్రశ్న “ఇది ఏ వస్తువు?” అన్నది కాదు, “దీనికి ఏమి చేశారు?” అన్నది. తల తీసి, పెంకు ఒలిచి, నరం తీసి గడ్డకట్టించిన పచ్చి రొయ్యకు ఎంత శ్రమ పెట్టినా అది 0306.17లోనే ఉంటుంది. పెంకుతో ఉడికించి గడ్డకట్టించినదీ 0306లోనే ఉంటుంది. పెంకు ఒలిచిన రొయ్యను ఉడికిస్తే మాత్రం అది 1605కు మారుతుంది. మసాలా పట్టించినది, పిండిముద్ద లేదా రొట్టెపొడి పూసినది వేయించకపోయినా 1605కే చెందుతుంది. ఆల్చిప్ప వంటి మొలస్కులకు 0307 శీర్షిక ఉంది. చిప్ప తెరుచుకోవడానికి అవసరమైనంత వేడి మాత్రమే తగిలినవి అందులోనే ఉంటాయి. పూర్తిగా వండినవి 1605కు వెళతాయి.

ఈ సరిహద్దు ప్రకృతి గీసినది కాదు, దేశాల ఒప్పందం గీసినది. పొగపట్టిన రొయ్యలను 2012 సవరణతోనే 0306లోకి తెచ్చారు. ఆ సవరణలోనే 1605 కింద రొయ్యలను గాలి చొరని పాత్రలో లేనివి (1605.21), ఇతరాలు (1605.29) అని విడదీశారు.

3. ఇరవై శాతం నియమం

మిశ్రమ ఆహారాలకు 16వ అధ్యాయపు రెండవ గమనిక కొలబద్ద. మాంసం, చేప, క్రస్టేషియన్లు, మొలస్కులు మొదలైనవి బరువులో 20 శాతానికి మించితే ఆ ఆహారం 16వ అధ్యాయానికి చెందుతుంది. అవి ఒకటికంటే ఎక్కువ ఉంటే బరువులో అధికమైనది శీర్షికను నిర్ణయిస్తుంది. 2103 కింది సాస్‌లు, మిశ్రమ మసాలాలకు ఈ నియమం వర్తించదు.

రొయ్యల పచ్చడి దీనికి తగిన ఉదాహరణ. పచ్చడి అనే పేరునుబట్టి దానిని మామిడికాయ పచ్చడి సరసన 2001లో చేర్చడానికి వీల్లేదు. ఆ శీర్షిక వినెగర్ లేదా ఎసిటిక్ ఆమ్లంతో నిల్వచేసిన కూరగాయలు, పండ్లు వంటి మొక్కల భాగాలకే పరిమితం. రొయ్యముక్కలు 20 శాతానికి మించి, వాటినే అన్నంలో కలుపుకొని తినే ఆహారంగా అది ఉంటే 1605 వైపే తర్కం మొగ్గుతుంది. రొయ్యలు నామమాత్రమై, ఇతర వంటకాలకు రుచి తెచ్చే ముద్దగా ఉంటే 2103ను పరిశీలించవలసి వస్తుంది. సీసా మీది పేరుకంటే లోపలి పాళ్ల వివరం ముఖ్యం.

4. పర్యవసానాలు

యూరోపియన్ యూనియన్ సాధారణ సుంకపట్టికలో గడ్డకట్టించిన పెనాయిడ్ రొయ్యలకు 12 శాతం, 1605 కింది రొయ్యలకు 20 శాతం సుంకం ఉంది. అంటే ముడిసరుకుకు తక్కువ, తయారీ సరుకుకు ఎక్కువ. విలువ జోడింపు ఎగుమతి చేసే దేశంలో కాక దిగుమతి చేసుకునే దేశంలో జరగడానికి ఇటువంటి మెట్ల సుంకం తోడ్పడుతుంది.

అమెరికాలో సమస్య మరో రూపంలో ఎదురవుతుంది. భారత రొయ్యలపై 2005 ఫిబ్రవరిలో వెలువడిన యాంటీ డంపింగ్ ఉత్తర్వు పచ్చివి, వండినవి అన్న తేడా లేకుండా గడ్డకట్టించిన ఉష్ణజల రొయ్యలకు వర్తిస్తుంది. రొట్టెపొడి పూసినవి, డబ్బాల్లో నిల్వచేసినవి, ఎండబెట్టినవి మినహాయింపు పొందాయి. పలుచగా పిండి చల్లిన రొయ్యలకు మొదట ఉన్న మినహాయింపును 2011లో తొలగించారు. ఉత్తర్వు పరిధిని నిర్ణయించేది సుంకసంఖ్య కాదు, దానిలోని వర్ణన. అందువల్ల 1605లో చేరినంత మాత్రాన సరుకు ఆ సుంకం నుంచి తప్పించుకోదు. 0306లో ఉన్న ఎండురొయ్య దాని పరిధిలోకి రాదు.

5. ముగింపు

సందేహం ఉన్న వర్తకుడు 1962 నాటి కస్టమ్స్ చట్టం ప్రకారం అడ్వాన్స్ రూలింగ్ కోరవచ్చు. కానీ అది భారత కస్టమ్స్ అధికారులనే బంధిస్తుంది. దిగుమతి సుంకాన్ని నిర్ణయించేది అవతలి రేవు. మొదటి ఆరు అంకెలు అన్ని దేశాలకూ ఉమ్మడివైనా, వాటి అన్వయం ఏ దేశానికి ఆ దేశానిది. కనుక శుద్ధికేంద్రంలో ప్రతి దశనూ నమోదు చేయడం అవసరం: పెంకు ఎప్పుడు తీశారు, ఉడికింపు ఎంతవరకు జరిగింది, మసాలా పాలు ఎంత. చిలకలూరిపేట మిర్చి, బాపట్ల రొయ్య ఒకే పొట్లంలో విదేశానికి చేరాలంటే పాకశాస్త్రంతోపాటు ఈ ప్రక్రియాశాస్త్రం కూడా తెలియాలి. ఆ సరుకుపై పడే సుంకం చాలావరకు శుద్ధికేంద్రపు బల్లమీదనే నిర్ణయమవుతుంది.