పాటల పెట్టెకు కొత్త బుద్ధి

జేబులో పట్టే పాటల పెట్టెను మనలో చాలామంది చూసే ఉంటారు. ఎం.పి.త్రీ ప్లేయర్ అంటారు గదా, అదే. బటన్ నొక్కితే పాట వస్తుంది. ఏ పాట రావాలి, ఎంత గట్టిగా రావాలి, తర్వాత ఏది రావాలి, ఇవన్నీ లోపల చూసుకునేది ఒక ప్రోగ్రాం. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. కంపెనీవాళ్ళు దాన్ని రాసి, లోపలి చిప్‌లో పెట్టి, పెట్టెను అమ్ముతారు. పెట్టె ఇల్లనుకుంటే ఫర్మ్‌వేర్ అందులో కాపురముండే మనిషి. ఇల్లు కదపకుండా కాపురం మార్చవచ్చా? మార్చవచ్చు మిత్రులారా, అదెట్లాగో చూద్దాం.

ఇది స్వీడన్‌లో మొదలైంది. 2001 చివర్లో బ్యోర్న్ స్టెన్‌బర్గ్, లీనస్ నీల్సెన్ ఫెల్ట్‌సింగ్, డేనియల్ స్టెన్‌బర్గ్ అనే ముగ్గురి దగ్గర ఆర్కోస్ జ్యూక్‌బాక్స్ అనే ప్లేయర్ ఉంది. పెట్టె బాగానే ఉంది గాని అందులోని ప్రోగ్రాం వాళ్ళకు నచ్చలేదు. అసలు రాత కంపెనీ దగ్గరే ఉంది, బయటికి రాదు. అయితే ఆ పెట్టెకు ఒక అలవాటుంది. ఆన్ చేయగానే తన హార్డ్ డిస్కులో ‘ఆర్కోస్.మాడ్’ అనే ఫైలు ఉందా అని వెతుకుతుంది. ఉంటే లోపలిది పక్కనబెట్టి దాన్నే నడిపిస్తుంది. ఆ ఫైలును ఎవరికీ అర్థం కాకుండా కలగాపులగం చేసి ఉంచారు. వీళ్ళు కూర్చుని ఆ చిక్కు విప్పారు. తాము రాసిన ప్రోగ్రాంను అదే పేరుతో అక్కడ పెట్టారు. పెట్టె మారు మాట్లాడకుండా నడిపింది! నచ్చకపోతే ఫైలు తీసేస్తే సరి, పాతది మళ్ళీ వస్తుంది. దీనికే రాక్‌బాక్స్ అని పేరు. డబ్బులు తీసుకోరు. రాత కూడా అందరికీ ఇచ్చేస్తారు, ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. 2008లో 3.0, 2025లో 4.0 వచ్చాయి.

తర్వాత ఇది ఐపాడ్‌లో కొన్ని రకాలకు, ఐరివర్, సాన్సా ప్లేయర్లకు కూడా వచ్చింది. ఈ వ్యాసానికి సాన్సా క్లిప్ ప్లస్‌ను తీసుకుంటాను. అది 2009 నాటిది, ఇప్పుడు తయారు కావడం లేదు.

ముందుగా చార్జింగ్ నిండా పెట్టాలి. ఇది చాదస్తం కాదు. చిప్‌లో పాతది చెరిపి కొత్తది రాసేటప్పుడు బ్యాటరీ ఆగిపోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు, పెట్టె లేవకపోవచ్చు. రెండోది, మోడల్ పేరు సరిగ్గా చూసుకోవాలి. ఉదాహరణకు ప్లస్ కాని ఉత్త క్లిప్‌లోనే రెండు రకాలున్నాయి, పైకి తేడా తెలియదు. సెట్టింగుల్లో వెర్షన్ నంబరు 01తో మొదలైతే మొదటి రకం, 02తో మొదలైతే రెండోది. ఒకదాని ఫైలు ఇంకోదానికి పనికిరాదు.

ఇప్పుడు సెట్టింగుల్లో యు.ఎస్.బి. మోడ్‌ను ఎం.ఎస్.సి.కి మార్చి కంప్యూటరుకు తగిలిస్తే ప్లేయర్ ఒక డిస్కులాగా కనబడుతుంది. అందులో ఉన్న పాటలు వేరేచోట దాచుకోండి. రాక్‌బాక్స్ యుటిలిటీ అనే ప్రోగ్రాం మిగతా పని చాలావరకు చేస్తుంది. కాని కంపెనీవారి అసలు ఫర్మ్‌వేర్ ఫైలు మాత్రం మనల్నే తెచ్చి ఇమ్మంటుంది. అది కంపెనీ సొత్తు, రాక్‌బాక్స్‌వాళ్ళు పంచకూడదు. ఆ ఫైలులోకే బూట్‌లోడర్ అనే చిన్న ముక్కను జొప్పిస్తుంది. బూట్‌లోడర్ అంటే గుమ్మం దగ్గర కావలి మనిషి. ఆన్ చేసినప్పుడు ఎవర్ని లోపలికి పంపాలో తేల్చేది అదే. అసలు రాక్‌బాక్స్ మాత్రం ‘.రాక్‌బాక్స్’ అనే ఫోల్డరులో కూర్చుంటుంది. పేరుకు ముందు చుక్క ఉందని, అదేదో చెత్త అనుకుని తీసేయకండి.

కంప్యూటరు నుంచి పద్ధతిగా విడదీస్తే ప్లేయర్ తనంతట తానే కొత్త ఫైలును చిప్‌లో రాసుకుంటుంది. అప్పుడు ఏ బటనూ ముట్టుకోవద్దు. మళ్ళీ ఆన్ చేస్తే రాక్‌బాక్స్ వస్తుంది. ఎడమ బటన్ నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే కంపెనీదే వస్తుంది. అంటే ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారన్న మాట.

ఇంత తిప్పలు ఎందుకంటారా? ఓపస్ అనే ధ్వని పద్ధతి 2012లో ప్రమాణమైంది. అప్పటికే క్లిప్ ప్లస్ వచ్చి మూడేళ్ళు. రాక్‌బాక్స్ ఉంటే ఆ పాత పెట్టె కూడా ఓపస్ పాడుతుంది. గొంతు సన్నబడకుండా పాఠాన్ని వేగంగానో నెమ్మదిగానో వినవచ్చు. సుడోకు ఆట కూడా ఉంది, దాని సంగతి సార్లకు చెప్పకండి. ఒక లోటుంది. తాళం వేసి అమ్మిన పాటలు, అంటే డి.ఆర్.ఎం. ఉన్నవి, ఇందులో రావు.

నా మట్టుకు నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది వేరే. వాయిస్ ఫైలు కూడా వేసుకుంటే రాక్‌బాక్స్ మెనూలు పైకి చదువుతుంది. చూపు లేనివాళ్ళకు తెరమీద అక్షరాలతో పనేముంది? వాళ్ళు వింటూ, బటన్లు తడుముకుంటూ ఎవరి సాయమూ లేకుండా కావలసిన పాట పెట్టుకోగలరు. ఫైలు పేరును అక్షరం అక్షరంగా కూడా చెప్తుంది. అంతేకాదు, ఒక ఫోల్డరు పేరును మన గొంతుతోనే రికార్డు చేసి, స్పీక్స్ అనే పద్ధతిలోకి మార్చి, ‘టాక్’ ఫైలుగా అందులో ఉంచితే, అక్కడికి వెళ్ళినప్పుడు అదే వినిపిస్తుంది. కోయలో చెప్పినా సవరలో చెప్పినా ఫరవాలేదు, పెట్టెకు అది ఉత్త శబ్దమే. వాయిస్ సెట్టింగుల్లో టాక్ క్లిప్పులు వాడమని మాత్రం పెట్టుకోవాలి, లేకపోతే పలకదు.