పిల్లల పంటి మచ్చలు: తోమితే పోయేవి కావు

ఆరేడేళ్ళ వయసులో పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చేటప్పుడు కొందరు పిల్లల పళ్ళపై సున్నం వంటి తెల్లని మచ్చలు, పసుపు గీతలు, చిన్న గుంటలు కనబడతాయి. సరిగా తోముకోవడం లేదని తల్లిదండ్రులు మందలిస్తారు. బొగ్గుపొడి, ఉప్పు, ఇటుకపొడి పెట్టి రుద్దిస్తారు. మా యాలాల్, తాండూరు ప్రాంతపు నాపరాయిని ఎంత సానపడితే అంత నునుపు తేలుతుంది. పన్ను నాపరాయి కాదు. లోపమున్న పంటిని రుద్దినకొద్దీ ఉన్న పొర కూడా అరిగి, చన్నీళ్ళు తగిలినా జివ్వుమంటుంది. సుశ్రుతుడు చెప్పిన దంతహర్షం ఇదే.

పంటికి కవచమైన పింగాణీ పొరను ఎనామిల్ అంటారు. దానిని నిర్మించే కణాలు పన్ను బయటికి రాకముందే పని ముగించి నశిస్తాయి. కనుక లోపించిన పొర ఏ చూర్ణంతోనూ, ఏ తైలంతోనూ తిరిగి పుట్టదు. ఇలా చెబితే కొందరు నిరాశపడతారు. అయినా చెప్పక తప్పదు. శాశ్వత దంతాలలో మొదటి దవడపళ్ళ పొర పుట్టుక సమయంలో మొదలై సుమారు మూడేళ్ళకు, ముందుపళ్ళ పొర నాలుగైదేళ్ళకు పూర్తవుతుంది. ఆ కాలంలో శిశువుకు పెద్ద జబ్బు చేస్తే దాని గుర్తు పంటిలో నిలిచిపోయి, ఏళ్ళ తర్వాత బయటపడుతుంది.

చరకుడు దంతాలను 360 అస్థులలో చేర్చి లెక్కించాడు. పన్నును దేహంలో భాగంగా చూడాలని గురుకులంలో నేర్చుకున్నాను. అందుచేత మచ్చల పిల్లవాడిని తీసుకువస్తే ముందు తల్లినే అడుగుతాను: బిడ్డ నెలలు నిండి పుట్టాడా? పసితనంలో తీవ్రమైన జ్వరాలు వచ్చాయా? గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నదా? టెట్రాసైక్లిన్ మందు వాడారా? ఆ మందు వల్ల పళ్ళు పసుపు, గోధుమ రంగుకు మారతాయి.

మచ్చలతోపాటు బిడ్డ ఎదగకపోవడం, తరచు విరేచనాలు, రక్తహీనత ఉంటే గోధుమ పడని సీలియాక్ వ్యాధిని అనుమానించాలి. మన జొన్నరొట్టెతో ఆ చిక్కు లేదు. అయితే రక్తపరీక్షకు ముందే గోధుమ మాన్పించకండి, ఫలితం తప్పుగా రావచ్చు. విటమిన్ డి లోపం సంగతి కూడా పిల్లల వైద్యుడు చూడాలి.

ఇంట్లో ఒక్కరికే గాక ఊళ్ళో అనేకమంది పిల్లలకు మచ్చలుంటే నీటిని పరీక్షించాలి. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ బాధ మనకు తెలిసినదే. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించితే తాగడానికి పనికిరాదు.

ఇక ఇంట్లో చేయదగినవి. మెత్తని బ్రష్షుతో ఉదయం, రాత్రి తోమించండి. నిమ్మరసం, వంటసోడా పంటికి తగలనీయకండి. తీపి సిరప్పు తాగించిన ప్రతిసారీ నోరు పుక్కిలింపజేయండి. రోజూ మందులు తాగే పిల్లలకు ఇది మరీ ముఖ్యం. ఉమ్మివేయడం బాగా తెలిసిన పెద్దపిల్లలు గోరువెచ్చని నువ్వులనూనెతో పుక్కిలించవచ్చు. చిగుళ్ళకు హాయిగా ఉంటుంది, అంతవరకే. లోపమున్న పన్ను త్వరగా పిప్పిపడుతుంది కాబట్టి నొప్పి వచ్చేదాకా ఆగక దంతవైద్యునికి చూపించండి. ఆయన పూతతోనో, పైకప్పుతోనో దానిని కాపాడగలడు.

పుట్టుకతో గుండె జబ్బున్న పిల్లల విషయంలో పన్ను తీయించే ముందే ఆ సంగతి దంతవైద్యునికి చెప్పాలి. నోటిలోని క్రిములు రక్తంలో కలిసి గుండెకు చేరే ప్రమాదమున్నందున వారిలో కొందరికి ముందుగా యాంటీబయోటిక్ ఇవ్వవలసి ఉంటుంది.